వేయని తాళానికి 5 లక్షల డాలర్లు: తెలుగు రాష్ట్రాల ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పార్లమెంటు సభ్యులందరికీ నమస్కారం.

లోక్‌సభలో 25 మంది, 17 మంది. రాజ్యసభలో 11 మంది, ఏడుగురు. మొత్తం 60 మంది మీరు. భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్, అంటే పరువునష్టాన్ని నేరంగా చూసే సెక్షన్, మార్చమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఎందుకు మార్చాలో చెప్పడానికి ఇక్కడి కేసులతో మొదలుపెట్టడం లేదు. ఇక్కడి కేసు ఏది ఎత్తుకున్నా ఆ పత్రిక ఎవరిది, ఆ నాయకుడు ఏ పార్టీ అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. అందుకని 1960లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జరిగినదాన్ని మీ ముందు పెడుతున్నాం. ఒక మామూలు పరువునష్టం చట్టాన్ని పట్టుకుని ఒక ప్రజా ఉద్యమం నోరు ఎలా నొక్కవచ్చో ఆ కేసులో కీలు కీలునా కనిపిస్తుంది. మనకూ దానికీ చుట్టరికం ఉంది. ఆ కేసులో పుట్టిన సూత్రాన్ని 1994లో మన సుప్రీంకోర్టు అందిపుచ్చుకుంది. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి.

1960 మార్చి 29న న్యూయార్క్ టైమ్స్‌లో ఒక పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. పత్రిక రాసిన వార్త కాదు, 4,800 డాలర్లకు కాస్త పైన కట్టి వేయించుకున్న ప్రకటన. అంతకు నెల కిందట మార్టిన్ లూథర్ కింగ్ మీద అలబామా ప్రభుత్వం పన్ను పత్రాల్లో అబద్ధ ప్రమాణం చేశారని కేసు పెట్టింది. ఆ కేసు ఖర్చులకు, నల్లజాతి విద్యార్థుల ఉద్యమానికి, ఓటు హక్కు పోరాటానికి విరాళాలు కోరుతూ ఒక కమిటీ దాన్ని వేయించింది. పది పేరాలు. వాటి కింద 64 మంది ప్రముఖుల పేర్లు. ఇంకాస్త కింద దక్షిణాది రాష్ట్రాల్లో పనిచేస్తున్న మరో 20 మంది పేర్లు, వారిలో ఎక్కువమంది పాస్టర్లు. మొత్తం ప్రకటనలో మాంట్‌గొమరీ నగర కమిషనర్ ఎల్.బి. సలివన్ పేరు ఎక్కడా లేదు. ఆయన పదవి ప్రస్తావన కూడా లేదు.

పది పేరాల్లో గొడవంతా రెండింటి మీద, మూడోదీ ఆరోదీ. మూడో పేరా మాంట్‌గొమరీలోని అలబామా స్టేట్ కాలేజీ గురించి. అది నల్లజాతి విద్యార్థుల కాలేజీ. శాసనసభ మెట్ల మీద విద్యార్థులు ఒక దేశభక్తి గీతం పాడారనీ, తర్వాత వారి నాయకుల్ని కాలేజీ నుంచి తీసేశారనీ, తుపాకులూ బాష్పవాయువూ పట్టుకున్న పోలీసులు లారీల్లో వచ్చి కాలేజీని చుట్టుముట్టారనీ, విద్యార్థులంతా మళ్లీ పేర్లు నమోదు చేసుకోకుండా నిరసన తెలిపితే, ఆకలితో లొంగదీయడానికి భోజనశాలకు తాళం వేశారనీ అందులో ఉంది.

ఇందులో ఎన్ని తప్పులున్నాయో వరుసగా చూడండి. కేసు బలమంతా ఈ తప్పులే. విద్యార్థులు పాడింది ఆ గీతం కాదు, జాతీయ గీతం. తొమ్మిది మందిని కాలేజీ నుంచి తీసేసిన మాట నిజం, కానీ మెట్ల మీద పాడినందుకు కాదు. మరో రోజున కౌంటీ కోర్టు భవనంలోని ఫలహారశాలలో తెల్లవారితో సమానంగా తమకూ వడ్డించమని అడిగినందుకు. నిరసన తెలిపింది విద్యార్థులందరూ కాదు, ఎక్కువమంది. అదీ నమోదు మానేసి కాదు, ఒకరోజు తరగతులు మానేసి. పోలీసులు పెద్ద సంఖ్యలో మూడుసార్లు కాలేజీ దగ్గరికి వచ్చారు, కానీ చుట్టుముట్టలేదు. ఇక భోజనశాల. దానికి ఏనాడూ తాళం పడలేదు. నమోదు దరఖాస్తు మీద సంతకం చేయకుండా, తాత్కాలిక భోజన టికెట్టూ అడగకుండా ఉన్న కొద్దిమందికి మాత్రమే అక్కడ అన్నం అంది ఉండకపోవచ్చు.

ఆరో పేరాలో కింగ్‌ను ‘వాళ్లు’ ఏడుసార్లు అరెస్టు చేశారని ఉంది. నిజానికి నాలుగుసార్లు. ఆయన ఇంటి మీద బాంబు వేశారని ఉంది. అది నిజమే, 1956 జనవరిలో వేశారు.

తప్పుల్ని తీసేసి చూస్తే ఏం మిగులుతుంది? పక్కన కూర్చుని తినడానికి అడిగినందుకు పిల్లల్ని కాలేజీ నుంచి గెంటేశారు. పోలీసుల్ని మళ్లీ మళ్లీ కాలేజీ మీదికి తోలారు. ఒక ఉద్యమ నాయకుణ్ణి పదేపదే అరెస్టు చేశారు, ఆయన భార్యాబిడ్డలున్న ఇంట్లో బాంబు పేలింది. ప్రకటన చెప్పదలచుకున్నది ఇదే, ఇదంతా జరిగింది. మార్పు గీతం పేరులో, అంకెలో, తాళంలో. ప్రకటన రాసినవాళ్లు సరిచూసుకోవాల్సిందే, టైమ్స్ తన సొంత ఫైళ్లలో ఉన్న వార్తలతో పోల్చి చూడాల్సిందే. చూడలేదు. అది అజాగ్రత్త, కాదనం. ఆ అజాగ్రత్తకు ఎంత వెల కట్టారన్నది అసలు విషయం.

సలివన్ 1959లో ఎన్నికైన ముగ్గురు కమిషనర్లలో ఒకరు. ఆయన చేతి కింద పోలీసు, అగ్నిమాపక శాఖలతో పాటు శ్మశానాలు, తూనికల శాఖలుండేవి. ఆయన వాదన ‘వాళ్లు’ అన్న సర్వనామం మీద నిలబడింది. అరెస్టులు చేసేది పోలీసులు, పోలీసులు నా కింద ఉంటారు, కాబట్టి అరెస్టు చేసిన ‘వాళ్లు’ అంటే నేనే. అదే పేరాలో బాంబు వేసిందీ ‘వాళ్లే’ కాబట్టి బాంబు వేసింది కూడా నేనే అని చదివేవాళ్లు అనుకుంటారు. ఇదీ తర్కం. కింగ్‌ను అరెస్టు చేసిన నాలుగింటిలో మూడు సలివన్ పదవిలోకి రాకముందువి. ఆయన తరఫున ఆరుగురు సాక్షులు చెప్పారు, ఆ మాటలు ఆయన గురించే అనుకున్నామని. వాటిని నిజంగా నమ్మామని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పైసా నష్టం జరిగిందని చూపడానికి ఆయన ప్రయత్నం కూడా చేయలేదు. ఆ రోజు టైమ్స్ మొత్తం దాదాపు 6,50,000 కాపీలు అమ్ముడైతే అలబామాకు చేరినవి సుమారు 394, మాంట్‌గొమరీ కౌంటీలోకి వచ్చినవి సుమారు 35.

1960 నవంబరులో విచారణ మూడు రోజులు నడిచింది. పన్నెండు మంది తెల్ల పురుషులతో కూడిన జ్యూరీ 2 గంటల 20 నిమిషాల్లో తేల్చింది. అడిగిన మొత్తం, 5,00,000 డాలర్లు, సెంటు తగ్గకుండా ఇచ్చేసింది. కౌంటీలోకి వచ్చిన కాపీల మీద లెక్కేస్తే ఒక్కోదానికి 14 వేల డాలర్ల పైమాటే.

జ్యూరీ పక్షపాతం ఒక్కటే ఇంత పని చేయలేదు. ఇది మీరు ప్రత్యేకంగా గమనించాలి, ఎందుకంటే చట్టాలు చేసేది మీరు. అప్పటి అలబామా చట్టంలో మూడు ఊహలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. ఒక మాట పరువుకు భంగకరం అని జడ్జి అంటే చాలు, అది అబద్ధమని ఊహిస్తారు. దురుద్దేశంతో అన్నదని ఊహిస్తారు. నష్టం జరిగిందని కూడా ఊహిస్తారు. ప్రతివాదికి మిగిలే ఒకే దారి, అన్నదంతా అన్ని వివరాల్లోనూ నిజమని తానే రుజువు చేసుకోవడం. భోజనశాలకు తాళం పడలేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఇక జ్యూరీ తేల్చాల్సింది రెండే. అచ్చేశారా? ఇది సలివన్ గురించేనా? చట్టం ఇలా ఉంటే ఎంత మంచి జ్యూరీ కూర్చున్నా చేయగలిగేది కొంచెమే.

విచారణ జరిపిన జడ్జి వాల్టర్ జోన్స్. 1956లో నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ అలబామాలో పనిచేయకుండా నిషేధ ఉత్తర్వు ఇచ్చినవారూ, సభ్యుల జాబితా ఇవ్వనందుకు ఆ సంఘానికి 1,00,000 డాలర్ల జరిమానా వేసినవారూ ఆయనే. ఆ ఉత్తర్వు కోరిన అప్పటి అటార్నీ జనరల్ జాన్ పాటర్సన్ 1960 నాటికి గవర్నరు. అదే ప్రకటన మీద ఆయన కూడా దావా వేశారు. ఆయుధం మారింది గానీ పట్టుకున్న చేతులు అవే.

సవరణ వ్యవహారం ఎలా నడిచిందో చూస్తే ఈ యంత్రం ఇంకా బాగా అర్థమవుతుంది. అలబామా చట్టం ప్రకారం ప్రభుత్వాధికారి దండనగా అదనపు పరిహారం కోరాలంటే ముందు సవరణ వేయమని రాతపూర్వకంగా అడగాలి. సలివన్ అడిగారు. ఈ మాటలు మిమ్మల్ని ఎలా తాకుతున్నాయో మాకు అర్థం కావడం లేదు, చెప్పండి, అని టైమ్స్ జవాబు రాసింది. ఆయన జవాబివ్వకుండా దావా వేశారు. తర్వాత గవర్నరు అడిగితే, ఆయన రాష్ట్రానికి ప్రతినిధి అన్న కారణంతో టైమ్స్ సవరణ వేసి క్షమాపణ చెప్పింది. అలబామా సుప్రీంకోర్టు 1962లో తీర్పును ఖాయం చేస్తూ ఆ సవరణనే తిప్పి కొట్టింది. గవర్నరుకు వేసి సలివన్‌కు వేయలేదు కాబట్టి దురుద్దేశం ఉన్నట్టే అంది. వేయకపోతే మొండితనం, వేస్తే నేరాంగీకారం. సవరణను సాక్ష్యంగా వాడుకోనిచ్చే చట్టం ఉన్నచోట ఏ లాయరూ తన పత్రికకు సవరణ వేయమని సలహా ఇవ్వడు.

మరి ప్రకటన కింద పేర్లున్న నలుగురు పాస్టర్ల సంగతి చూడండి. రాల్ఫ్ అబర్నాతీ, ఫ్రెడ్ షటిల్స్‌వర్త్, ఎస్.ఎస్. సే, జోసెఫ్ లోవరీ. ప్రకటనలో ఉన్న పేర్లలో అలబామావాళ్లు వీరు. వీళ్లనూ టైమ్స్‌తో పాటు దావాలో చేర్చారు. తమ పేర్లు వాడుకుంటున్నారని వీళ్లను అడిగినవారే లేరు. ప్రకటన వచ్చేదాకా వీళ్లకు తెలియదు. వీళ్లను చేర్చడంలో ఒక లెక్క ఉంది. ఇరుపక్షాలూ వేర్వేరు రాష్ట్రాలవారైతే ప్రతివాది కేసును రాష్ట్ర కోర్టు నుంచి ఫెడరల్, అంటే కేంద్ర, కోర్టుకు మార్పించుకోవచ్చు. సలివన్ అలబామా, టైమ్స్ న్యూయార్క్, కాబట్టి మార్పించుకోగలిగేది. నలుగురు అలబామావాళ్లు ప్రతివాదులుగా చేరగానే ఆ తలుపు మూతపడింది.

తీర్పు పడ్డాక వసూలు ఆపాలంటే బాండు కట్టాలి. పెద్ద సంస్థలకు అది సాధ్యం. చర్చి జీతాల మీద బతికేవాళ్లకు ఎక్కడిది? అప్పీలు పెండింగులో ఉండగానే వాళ్ల కార్లు జప్తు చేసి వేలం వేశారు. ఒక్క అక్షరం రాయని, ఒక్క వాక్యానికి ఒప్పుకోని మనుషులు వాళ్లు. ప్రజాభిప్రాయాన్ని భయపెట్టాలంటే పత్రికను ముంచాల్సిన పనిలేదు, పత్రిక పక్కన నిలబడ్డ సామాన్యుడి వాకిట్లో కారు ఎత్తుకెళ్తే చాలు.

ఇదొక్క కేసే అయితే ఒక నగరపు కోపం అనుకుని వదిలేయవచ్చు. అదే ప్రకటన మీద మరో కమిషనరుకూ 5,00,000 డాలర్లు ఇచ్చారు. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వచ్చేనాటికి అలబామా అధికారులు టైమ్స్ మీద వేసిన దావాలు 11 నడుస్తున్నాయి, వాటిలో అడిగిన మొత్తం 56,00,000 డాలర్లు. సీబీఎస్ టీవీ సంస్థ మీద మరో ఐదు దావాలు, 17,00,000 డాలర్లకు. టైమ్స్ విలేకరి హారిసన్ సాలిస్‌బరీ బర్మింగ్‌హామ్‌లో నెలకొన్న భయం గురించి 1960 ఏప్రిల్‌లో రాసిన కథనం మీద సివిల్ దావాలే కాకుండా, బెస్సెమర్ పట్టణంలో గ్రాండ్ జ్యూరీ ఆయన మీద క్రిమినల్ పరువునష్టం కింద 42 అభియోగాలు మోపింది. సమన్లు అందుతాయన్న భయంతో టైమ్స్ తన విలేకరుల్ని చాలాకాలం అలబామాకు పంపలేదు. దేశమంతా చూడాల్సిన ఘర్షణలు జరుగుతున్న రాష్ట్రంలో దేశంలోని పెద్ద పత్రిక కాలు పెట్టలేకపోయింది. దావాలు వేసినవాళ్లకు కావలసింది ఇదే. డబ్బు రాకపోయినా ఫరవాలేదు.

అమెరికా సుప్రీంకోర్టు 1964 జనవరి 6, 7 తేదీల్లో వాదనలు విని మార్చి 9న తీర్పు చెప్పింది. తొమ్మిది మందీ ఒకే మాట. రాసింది జస్టిస్ విలియం బ్రెన్నన్. అందులో ఒక లెక్క ఉంది, అది మన చర్చకు సూటిగా తగులుతుంది. అలబామా క్రిమినల్ చట్టం కింద పరువునష్టానికి గరిష్ఠ జరిమానా 500 డాలర్లు. సివిల్ దావాలో పడిన మొత్తం దానికి వెయ్యి రెట్లు. నేరం కేసులో ముద్దాయికి దొరికే రక్షణలేవీ ఇక్కడ లేకుండానే.

తీర్పులోని సూత్రం పేరు దగ్గర మన పుస్తకాలు దారి తప్పుతున్నాయి. దాన్ని ‘వాస్తవ దురుద్దేశం’ అని తర్జుమా చేసి వదిలేస్తున్నారు. చదివినవాళ్లు పగ, ద్వేషం అనుకుంటున్నారు. సూత్రానికీ పగకూ సంబంధం లేదు. ఒక ప్రభుత్వాధికారి తన అధికార విధుల గురించి వచ్చిన తప్పుడు మాటకు పరిహారం పొందాలంటే, అది అబద్ధమని తెలిసే వేశారనో, లేదా అబద్ధమో నిజమో లెక్కచేయకుండా వేశారనో ఆయనే స్పష్టమైన సాక్ష్యంతో చూపాలి. ఇదీ సూత్రం. లెక్కచేయకపోవడం అంటే ఏమిటో 1968లో సెయింట్ అమంట్ కేసులో ఇంకా తేల్చారు: వేసేటప్పుడు మనసులో గట్టి అనుమానం ఉండి కూడా వేయడం. నాయకుణ్ణి మనసారా ద్వేషించే విలేకరి సరిచూసుకుని రాస్తే అతనికి రక్షణ ఉంది. నాయకుడికి ఆప్తుడైనవాడు తెలిసి అబద్ధం రాస్తే లేదు. ‘తెలిసి వేసిన అబద్ధం’ అని తెలుగులో అంటే ఈ గందరగోళం సగం తీరుతుందని మా అభిప్రాయం.

కోర్టు సూత్రం చెప్పి కేసును వెనక్కి పంపి ఊరుకోలేదు. అంతటితో వదిలేస్తే మళ్లీ అదే అలబామా, అలాంటి జ్యూరీ. అందుకని సాక్ష్యాన్ని తానే తూచింది. టైమ్స్ చేసింది ఎక్కువలో ఎక్కువ అజాగ్రత్త అంది. పాస్టర్ల మీద అసలు సాక్ష్యమే లేదంది. పోలీసుల మీద విమర్శను వాళ్లపై అధికారి మీద వ్యక్తిగత నిందగా మార్చే ఆ ‘వాళ్లు’ తర్కాన్ని కొట్టేసింది. అలా మార్చనిస్తే ప్రభుత్వం మీద ఏ విమర్శనైనా ఎవరో ఒక అధికారి తన మీద వేసుకుని దావాకు దిగవచ్చు.

అదే సంవత్సరం నవంబరులో వచ్చిన తీర్పు మనకు ఇంకా ముఖ్యం. అయినా మన దగ్గర దాని పేరు తెలిసినవారు తక్కువ. న్యూ ఆర్లియన్స్ ప్రాసిక్యూటర్ జిమ్ గారిసన్ ఎనిమిది మంది జడ్జిల్ని బద్ధకస్తులని విమర్శిస్తే లూయిసియానా రాష్ట్రం క్రిమినల్ పరువునష్టం కింద శిక్ష వేసింది. సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేస్తూ, సివిల్ దావాకు పెట్టిన కొలతే క్రిమినల్ కేసుకూ వర్తిస్తుందంది. లూయిసియానా చట్టంలో నిజం చెప్పినా పగతో చెబితే శిక్ష ఉండేది. అధికార విధుల గురించి నిజం చెప్పినవాడికి శిక్ష ఉండదు, ఏ ఉద్దేశంతో చెప్పినా సరే, అని ఆ కోర్టు తేల్చింది.

ఈ సూత్రానికి విమర్శకులున్నారు, వాళ్ల మాట దాచం. జస్టిస్ క్లారెన్స్ థామస్ 2019లో, జస్టిస్ నీల్ గోర్సచ్ 2021లో దీన్ని తిరిగి పరిశీలించాలని రాశారు. అప్పటి పత్రికలు వేరు, ఇప్పుడు ఎవరైనా క్షణంలో లక్షలమందికి అబద్ధం చేరవేయగలరు, దెబ్బతిన్నవారికి దిక్కులేకుండా పోతోంది అన్నది వాళ్ల వాదనలో బలమైన భాగం. అది నిజమైన బాధే. అందుకు మందు మామూలు మనుషులకు రక్షణ పెంచడం. 1974లో గెర్ట్జ్ కేసులో అమెరికా కోర్టు ఆ గీత గీసింది: ప్రజాజీవితంలో లేని వ్యక్తి అజాగ్రత్తను చూపినా పరిహారం పొందవచ్చు. మేమూ ఆ గీత ఉండాలనే అంటున్నాం. ఒక గ్రామంలో ఒక ఆడపిల్ల గురించి వదంతి రాసినవాడికి మేం అడుగుతున్న మార్పులో ఏ రక్షణా లేదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1994 అక్టోబరు 7న రాజగోపాల్ కేసులో తీర్పు వచ్చింది. ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను తమిళ పత్రిక నక్కీరన్ వేయబోతుంటే జైలు ఉన్నతాధికారి అడ్డుకోబోయారు. ముందుగా అడ్డుకునే అధికారం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అంతటితో ఆగకుండా జస్టిస్ జీవన్ రెడ్డి సలివన్ తీర్పును చర్చించి మనకో సూత్రం రాశారు. అధికారి విధి నిర్వహణకు సంబంధించిన విషయాల్లో, రాసింది నిజం కాకపోయినా, నిజానిజాలు లెక్కచేయకుండా రాశారని అధికారి నిరూపిస్తేనే పరిహారం. తగినంత సరిచూసుకుని రాశానని పత్రిక చూపగలిగితే చాలు, అన్నీ నిజమని రుజువు చేయనక్కరలేదు. ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ పరువునష్టం దావా వేయజాలవు.

కానీ అదే తీర్పులో, ఐపీసీ 499, 500 సెక్షన్ల సంగతి తాము ముట్టుకోవడం లేదనీ, దానికి తగిన కేసు రావాలనీ రాశారు. తగిన కేసు 2016లో వచ్చింది. సుబ్రమణ్యం స్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనంది. 2024 జులై 1 నుంచి అవే 356గా న్యాయ సంహితలోకి వచ్చాయి. లా కమిషన్ కూడా తన 285వ నివేదికలో నేరంగానే ఉంచమంది. కాబట్టి ఇప్పుడు మన పరిస్థితి విచిత్రంగా ఉంది. డబ్బు అడిగే అధికారి బరువైన రుజువు మోయాలి. జైలుకు పంపమని అడిగే అధికారి మోయనక్కరలేదు. గారిసన్ కేసు లేని సలివన్ కేసు మనది.

356 ఎలా పనిచేస్తుందో చూడండి. సివిల్ దావాకు కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదుకు దాదాపు ఖర్చే లేదు. అందుకే అందరూ ఇటు నడుస్తారు. వార్త ఆన్‌లైన్‌లో ఉంటే ఏ ఊళ్లో చదివితే ఆ ఊళ్లో ఫిర్యాదు చేయవచ్చని వాదిస్తారు. నటి ఖుష్బూ ఒక ఇంటర్వ్యూలో అన్న మాటకు ఎక్కువగా తమిళనాడులోనే ఊరూరా 23 కేసులు పెడితే, అవి 2010లో సుప్రీంకోర్టుదాకా వెళ్లి గానీ కొట్టివేతకు నోచుకోలేదు. నిజం చెప్పానన్నది ఒక్కటే రక్షణ కాదు, అది ప్రజాహితం కోసమని కూడా ముద్దాయే చూపాలి. లూయిసియానా చట్టంలో కొట్టేసిన లోపం మనదాంట్లో అలాగే ఉంది. పది మినహాయింపులున్నాయి కదా అంటారు. అవి వర్తిస్తాయా లేదా అన్నది సాక్ష్యం విన్నాకే తేలుతుందని కోర్టులు సాధారణంగా అంటాయి. అంటే అప్పటిదాకా వాయిదాలు, హాజరు మినహాయింపు పిటిషన్లు, కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్. జిల్లా కేంద్రంలో ముక్కకింతని తీసుకునే స్ట్రింగరుకు ఆ తిరుగుడే శిక్ష. తీర్పు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

మంత్రులకూ అధికారులకూ ఇంకో సౌకర్యం ఉంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 222వ సెక్షన్ ప్రకారం విధి నిర్వహణపై విమర్శకు వాళ్లు సొంత లాయరును పెట్టుకోనక్కరలేదు. ప్రభుత్వ అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటరే నేరుగా సెషన్స్ కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. సలివన్ కూడా తన లాయర్లను తానే పెట్టుకున్నారు. మన దగ్గర ఆ ఖర్చు ప్రజలది.

మీకు సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. 356 కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ కింద సభ్యత్వం పోవడానికి చాలిన శిక్ష కూడా రెండేళ్లే. 2023 మార్చిలో సూరత్ కోర్టు శిక్ష వేసిన మర్నాడే ఒక లోక్‌సభ సభ్యుడు పదవి కోల్పోయారు. సుప్రీంకోర్టు ఆగస్టులో ఆపేదాకా ఒక నియోజకవర్గానికి ప్రతినిధి లేరు. ఎవరి పక్షాన ఉన్నా ఈ కత్తి మీ 60 మంది నెత్తిమీదా ఉంది.

మేం కోరేది ఇది. అన్నిటికన్నా మంచిది 356ను తీసేసి పరువునష్టాన్ని సివిల్ కోర్టుకే వదిలేయడం. అంత దూరం రాలేకపోతే ఆ సెక్షన్‌కు ఒక వివరణ చేర్చండి: ఫిర్యాది ప్రజాసేవకుడై, మాట అతని విధి నిర్వహణ గురించి అయితే, అది అబద్ధమనీ, తెలిసే వేశారనీ లేదా నిజానిజాలు లెక్కచేయకుండా వేశారనీ ఆ ప్రజాసేవకుడే రుజువు చేయాలి. మొదటి మినహాయింపులో ‘ప్రజాహితం’ షరతు ప్రజాసేవకుల విషయంలో ఎత్తేయండి. ఇది చేస్తే ఇంకో లాభం. సురక్షా సంహిత 223వ సెక్షన్‌లో ఇప్పటికే ఒక మంచి నిబంధన ఉంది, కాగ్నిజెన్స్ తీసుకునే, అంటే కేసును విచారణకు స్వీకరించే, ముందు ముద్దాయి మాట వినాలని. వినేటప్పుడు ఏ కొలతతో కొలవాలో చెప్పకపోవడం వల్ల అది లాంఛనంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. పై వివరణ ఉంటే, తెలిసి వేసిన అబద్ధం అనడానికి ఆధారం ఏదీ అని మేజిస్ట్రేటు మొదటి రోజే అడగగలరు. ఆధారం లేకపోతే కేసు ఆ గదిలోనే ముగుస్తుంది, హైకోర్టుదాకా పోదు.

222లోని పబ్లిక్ ప్రాసిక్యూటరు దారిని రద్దు చేయండి. ఒకే రాత మీద ఒకటికి మించి ఫిర్యాదులు వస్తే మొదటిది వేసిన కోర్టులోనే, లేదా ముద్దాయి ఉండే జిల్లాలో, కలిపి విచారించాలని రాయండి. సవరణ గురించి కూడా ఒక వాక్యం కావాలి: తప్పు వచ్చిన చోటే, అంతే కనబడేలా, వారం లోపల వేసిన సవరణను నేరాంగీకారంగా సాక్ష్యంలోకి తీసుకోకూడదు. పరువు పోయిన మనిషికి మూడేళ్ల తర్వాత తీర్పుకన్నా మూడు రోజుల్లో సవరణే మేలు. అలబామాలో దాన్నే ఉచ్చుగా వాడారు.

రాజగోపాల్ సూత్రాన్ని సివిల్ చట్టంగా కూడా రాయాలి. అది ఇప్పటికీ ఒక తీర్పులోని పేరాగానే ఉంది. కింది కోర్టుల్లో ఎవరో గుర్తుచేస్తేనే పనిచేస్తుంది.

ప్రభుత్వ బిల్లు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ప్రైవేటు సభ్యుల బిల్లుకు నెల ముందు నోటీసు చాలు. లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల బిల్లులకూ తీర్మానాలకూ కేటాయించారు. పై సవరణలన్నీ కలిపినా రెండు పేజీలకు మించవు. ముసాయిదా రాసి ఇవ్వడానికి, సెక్షన్ సెక్షన్‌కూ కూర్చుని వివరించడానికి మేం సిద్ధంగా ఉన్నాం. ఈ సమావేశాల్లో నోటీసు ఇవ్వగలిగిన సభ్యులు ఎవరో, ఏ సభ నుంచో చెప్పండి.

ఇట్లు,
పత్రికా చట్టాలు బోధించే, వాదించే కొందరు తెలుగువాళ్లం